సాయం చేయబోయి పన్ను విరగ్గొట్టాను

పిల్లలూ,

మంచి మనసుంటే చాలు, మంచి పని దానంతట అదే అవుతుందని మీకెవరైనా చెప్పి ఉంటే, వాళ్ళు సగమే చెప్పారు. మిగతా సగం నేను ఒకడి పన్ను విరగ్గొట్టి నేర్చుకున్నాను.

తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక మధ్యాహ్నం పక్క బెంచీ కుర్రాడికి ఫిట్స్ వచ్చాయి. దబ్బున పడి కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాడు. దవడలు బిగుసుకుపోయాయి. నాలుక మింగేస్తాడని ఎవరో అరిచారు. నా దగ్గర స్టీలు చెంచా ఉంది. పళ్ళ మధ్య బలవంతంగా దూర్చాను. టక్‌మని శబ్దం. ముందు పన్ను సగానికి విరిగింది, పెదవి మీదుగా రక్తం. కాసేపటికి వాడు తేరుకున్నాడు. సమయానికి చెంచా పెట్టానని అందరూ నన్నే మెచ్చుకున్నారు. నేనూ నమ్మేశాను.

చాలా ఏళ్ళకి ఒక డాక్టరు గారు చెబితే తెలిసింది, ఫిట్స్‌లో ఎవరూ నాలుక మింగరట. నోట్లో ఏదైనా పెడితేనే ప్రమాదం. విరిగిన ముక్క గొంతుకు అడ్డం పడొచ్చు. చుట్టూ తగిలే వస్తువులు పక్కకు జరపాలి, తల కింద మెత్తనిదేదైనా పెట్టాలి, వీలవగానే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. గట్టిగా అదిమి పట్టకూడదు. పూర్తిగా తెలివి వచ్చేదాకా నీళ్ళు కూడా తాగించకూడదు. మొదలైనప్పటి నుంచి గడియారం చూస్తుండాలి. 5 నిమిషాలు దాటినా, తేరుకోకుండానే మళ్ళీ వచ్చినా వెంటనే అంబులెన్స్‌ని పిలవాలి.

చూశారా, ఇందులో సగం ‘చేయకూడనివే’. పక్కన కూర్చుని టైం చూడటం సాయంలా అనిపించదు, చేతులు ఊరుకోవు. ఆ చెంచా వాడి కోసం దూర్చానా, నా కంగారు తగ్గడానికి దూర్చానా అంటే ఇప్పటికీ తడుముకుంటాను. కంగారు వాటాయే ఎక్కువని నా అనుమానం.

పెద్దవాళ్ళు ‘అపాత్రదానం చేయకు’ అంటుంటారు. తీసుకునేవాడికి అర్హత ఉందో లేదో చూడటమే తెలివని వాళ్ళ లెక్క. నా మట్టుకు నాకు, అంతకంటే మన తొందరే పెద్ద చిక్కు. నేల మీద గెంతుతున్న పక్షిపిల్లనే చూడండి. ఒంటి నిండా ఈకలుండి తోక పొట్టిగా ఉంటే అది ఎగరడం నేర్చుకుంటోందన్నమాట. తల్లి దగ్గర్లోనే ఉండి మేత పెడుతుంటుంది. మీరు జాలిపడి ఇంటికి తెచ్చి అట్టపెట్టెలో పెడితే కాపాడినట్టు కాదు, ఎత్తుకొచ్చినట్టు. ఈకలు రాని కూన పడిపోతే మాత్రం గూట్లో తిరిగి పెట్టొచ్చు. మనిషి ముట్టుకుంటే తల్లి దగ్గరికి రానివ్వదన్నది వట్టి మాట.

కళ్ళు కనిపించని ఒకాయన రోడ్డు పక్కన నిలబడి ఉంటే చెయ్యి పట్టి లాక్కెళ్ళిపోకండి. ఆయన ఎవరి కోసమో ఎదురు చూస్తుండొచ్చు. “దాటాలా అండీ?” అని అడగండి. అవునంటే ఆయన్నే మీ మోచేతి పైన పట్టుకోనిచ్చి, మీరు అరడుగు ముందు నడవండి. ఆయన కర్ర జోలికి మాత్రం పోవద్దు.

నీళ్ళలో ఎవరైనా మునిగిపోతుంటే మీరు దూకొద్దు. ఈత వచ్చినా సరే. ప్రాణభయంలో ఉన్నవాడు చేతికి దొరికినవాణ్ణి కిందికి తొక్కేస్తాడు, అది అతని తప్పు కాదు. కేకలేసి పెద్దవాళ్ళని పిలవండి. గట్టు మీద నుంచే పొడుగాటి కర్ర అందించండి. తాడో, మూత బిగించిన ఖాళీ డబ్బానో విసరండి. మిగతావన్నీ సలహాలు, ఇది మాత్రం ఆజ్ఞ.

ఇంకొకటి ఉంది, రాయడానికి కొంచెం కష్టంగానే ఉంది. స్నేహితుడు ఎవరికీ చెప్పనని మీ చేత ఒట్టు వేయించుకుని, తనను ఎవరో హింసిస్తున్నారనో, బతకాలని లేదనో చెప్పాడనుకోండి. ఆ ఒట్టు నిలబెట్టుకోకండి. నమ్మకమున్న పెద్దవాళ్ళకి ఆ రోజే చెప్పేయండి. వాడు కొన్నాళ్ళు మాట్లాడటం మానేస్తే మానేస్తాడు, ఓర్చుకోండి.

ఆ సగం పన్ను కుర్రాడు ఇప్పటికీ నా స్నేహితుడే. డాక్టరు గారు చెప్పిన సంగతి తెలిసిన రోజే వాడికి ఫోన్ చేసి క్షమించమన్నాను. నవ్వాడు. “పన్ను సంగతి పోనీరా. లేచేసరికి ప్యాంటు తడిసిపోయి ఉంది, క్లాసంతా చుట్టూ నిలబడి చూస్తోంది. ఎవడైనా వాళ్ళని బయటికి పంపించి, నా మీద ఏదైనా కప్పితే బాగుండునని ఎంతగా అనుకున్నానో!” అన్నాడు.

ఆటల పీరియడ్ కోసం తెచ్చుకున్న తువ్వాలు ఆ రోజు నా సంచిలోనే ఉంది.

మీ తాతయ్య