వైర్‌లెస్ వైద్య పరికరాల పరీక్ష: అపోహలు - వాస్తవాలు

చెన్నైలో వైద్య పరికరాల వైర్‌లెస్ పరీక్షలు చేయడం నా ఉద్యోగం. ఛాతీకి అంటించే ఈసీజీ ప్యాచ్‌లు, వేలికి తగిలించే ఆక్సిమీటర్లు, మందుని కొలిచి ఒంట్లోకి ఎక్కించే ఇన్ఫ్యూజన్ పంపులు మా బల్ల మీదికి వస్తుంటాయి. బ్లూటూత్ మీదో వైఫై మీదో వీటి రీడింగులు నర్సింగ్ స్టేషన్‌కి చేరతాయి. "కనెక్ట్ అవుతోంది కదండీ, ఇంకా టెస్టింగ్ ఏముంది?" అని డిజైన్ టీముల వాళ్ళే అడుగుతుంటారు. కనెక్ట్ అవడం ఎవరైనా చూసి చెప్పగలరు. తెగినప్పుడు పేషెంటుకి ఏమవుతుందో తేల్చడమే ఈ పనిలో కష్టమైన భాగం. అపోహలన్నీ కూడా అక్కడే ఉన్నాయి.

అపోహ: సర్టిఫికెట్ ఉన్న రేడియో మాడ్యూల్ వాడాం, ఇక రేడియో గురించి చూడక్కర్లేదు.

మాడ్యూల్ సర్టిఫికెట్ మాడ్యూల్ వరకే. మన దగ్గర రేడియో పరికరాలకు కేంద్ర ప్రభుత్వ విభాగం డబ్ల్యూపీసీ ఇచ్చే ఈటీఏ అనే ఆమోదం కూడా ప్రసారం నిబంధనలకు లోబడి ఉందనే చెబుతుంది, వార్డులో లింకు నిలుస్తుందని చెప్పదు. యాంటెన్నా పక్కకి బ్యాటరీ జరిగినా రేంజి మారిపోతుంది. అన్నిటికంటే పెద్ద అడ్డు మనిషి ఒళ్ళే. 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల్ని ఒంట్లోని నీరు బాగా పీల్చేస్తుంది. బల్ల మీద పెడితే గది అవతలికి కూడా అందే ప్యాచ్, పేషెంటు బోర్లా పడుకుంటే మంచం పక్కనున్న రిసీవర్‌కే సరిగా అందకపోవచ్చు. అందుకే ఒంటి లక్షణాలకు దగ్గరగా ఉండే ద్రవం నింపిన ఫాంటమ్‌కి (మనిషి ఒంటికి బదులు వాడే నమూనాకి) ప్యాచ్ అంటించి, దాన్ని అన్ని వైపులా తిప్పుతూ ఎన్ని ప్యాకెట్లు (రేడియో పంపే డేటా ముక్కలు) పోతున్నాయో లెక్కపెట్టాలి.

అపోహ: ఈఎంసీ (విద్యుదయస్కాంత జోక్యాన్ని తట్టుకునే పరీక్ష) పాసైంది కాబట్టి వైర్‌లెస్ కూడా పాసైనట్టే.

ఎక్కువమంది నమ్మేది ఇదే. తరమణిలోని సమీర్ లాంటి ల్యాబుల్లో ఐఈసీ 60601-1-2 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పరీక్ష చేయించి, రిపోర్టు ఫైల్లో పెట్టుకుని ధీమాగా ఉంటారు. ఆ ప్రమాణం చూసేది దగ్గర్లో ఫోన్లు, రూటర్లు ఉన్నా పరికరం భద్రత, దాని ముఖ్యమైన పనితీరు నిలుస్తాయా అని. 2450 మెగాహెర్ట్జ్ దగ్గర మీటరుకు 28 వోల్టుల క్షేత్రం పెట్టి చూస్తారు. కానీ రిసీవర్ పనిచేసే బ్యాండులోనే (ఆ ఫ్రీక్వెన్సీల్లోనే) పరీక్ష జరుగుతున్నప్పుడు అది సంకేతాన్ని మామూలుగా అందుకోలేకపోవచ్చని ఆ ప్రమాణమే ఒప్పుకుంటుంది. అంటే లింకు తెగినా పరికరం పాసవ్వచ్చు. పైగా ఆ 28 వోల్టులు, ఫోను 30 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకుని వేసిన లెక్క. మన వార్డుల్లో ఫోను దిండు మీదే ఉంటుంది.

ఇరుగుపొరుగు రేడియోల మధ్య లింకు ఎంతవరకు తట్టుకుంటుందో తేల్చేది కోఎగ్జిస్టెన్స్ పరీక్ష. దానికి ఏఎన్ఎస్ఐ సీ63.27 అనే ప్రమాణం వేరేగా ఉంది. అమెరికాలో మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013 నాటి మార్గదర్శకాల్లోనే ఈ విషయం ప్రస్తావించింది.

అపోహ: సిగ్నల్ గీతలు నిండుగా ఉంటే లింకు బాగున్నట్టే.

గీతలు చెప్పేది బలం. రద్దీ సంగతి వాటికి తెలియదు. నెల్లూరు, చిత్తూరు, తిరుపతి నుంచి మనవాళ్ళు వైద్యానికి వచ్చే గ్రీమ్స్ రోడ్డు వైపు ఏ పెద్దాసుపత్రికైనా సాయంత్రం విజిటింగ్ అవర్స్‌లో వెళ్ళి చూడండి. మంచం చుట్టూ ముగ్గురు నలుగురు, ప్రతి చేతిలో ఫోను, కొందరికి హాట్‌స్పాట్, కొందరి చెవుల్లో బ్లూటూత్. వీటిలో చాలావరకు 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ మధ్యే సర్దుకోవాలి. తక్కువ కరెంటుతో నడిచే 'బ్లూటూత్ లో-ఎనర్జీ' రకానికి అక్కడ 40 ఛానళ్ళు. పరికరాలు ఒకదాన్నొకటి వెతుక్కునే మూడింటినీ వైఫై 1, 6, 11 ఛానళ్ళకు దూరంగా పెట్టారు. ఎవరి హాట్‌స్పాటో 3లోనో 4లోనో మొదలైతే ఆ మూడింట్లో ఒకటి దాని కిందే నలుగుతుంది. బయటి రేడియో తరంగాలు రాని షీల్డెడ్ గదిలో వచ్చిన ఫలితం ఈ పరిస్థితి గురించి ఏమీ చెప్పదు. సాయంత్రం వార్డులో స్పెక్ట్రమ్ ఎనలైజర్‌తో రద్దీ రికార్డు చేసుకుని, దాన్నే ల్యాబులో పుట్టించాలి.

అపోహ: ప్యాకెట్ పోయినా టీసీపీ (నెట్‌వర్కులో డేటా చేరేలా చూసే పద్ధతి) మళ్ళీ పంపుతుంది, డేటా ఎక్కడికీ పోదు.

చాలాసార్లు పోదు, నిజమే. ఆలస్యమవుతుంది. ఇంట్లో చూసుకునే బీపీ రీడింగు ఐదు నిమిషాలు ఆలస్యమైతే కొంప మునగదు. గుండె లయ తప్పిందన్న అలారం అలా కాదు.

ఇంతకంటే నన్ను ఎక్కువగా భయపెట్టేది ఆగిపోయిన అంకె. సెంట్రల్ స్టేషన్ తెర మీద ఆక్సిజన్ 96 అని ఉంటుంది. లింకు తెగి చాలాసేపైనా, తెర చివరగా అందిన ఆ 96నే అదే రంగులో, అదే సైజులో చూపిస్తూ ఉంటుంది. నర్సమ్మ ఒకసారి చూసి, బాగానే ఉందనుకుని పక్క మంచం దగ్గరికి వెళ్తుంది. ఇందులో ఆమె తప్పేమీ లేదు, పరికరం ఆమెకి అబద్ధం చెప్పింది.

అందుకే లింకుని మేమే కావాలని తెంపి స్టాప్‌వాచ్ నొక్కుతాం. ఎన్ని సెకన్లకి అంకె పోయి దాని చోట ఖాళీ గీతలు (--) వచ్చాయి? లింకు పోయిందన్న అలారం ఎప్పుడు మోగింది? పరికరంతో వచ్చే ప్రమాదాల్ని లెక్కవేసిన రిస్క్ ఫైల్లో రాసుకున్న గడువులోపేనా? మళ్ళీ కలిశాక పాత రీడింగులు వాటి అసలు టైముతో చేరాయా, ఇప్పుడే వచ్చినట్టు కనిపించాయా? పంపు అయితే, లింకు పోయినా పెట్టిన డోసు పెట్టినట్టే సాగుతోందా? పేషెంటుని స్ట్రెచర్ మీద స్కానింగ్‌కి తీసుకెళ్ళేటప్పుడు, యాక్సెస్ పాయింట్ మారే చోట, లిఫ్టు తలుపులు మూసుకున్న క్షణంలో ఇవన్నీ మళ్ళీ చూడాలి.

అపోహ: ఎన్‌క్రిప్షన్ ఉంది, సెక్యూరిటీకి ఢోకా లేదు.

2020లో బయటపడిన స్వీన్‌టూత్ లోపాలు బ్లూటూత్ చిప్పుల సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాయి. వాటితో దగ్గర్లో ఉన్నవాడు పరికరాన్ని స్తంభింపజేయవచ్చు. అప్‌డేట్ ఇవ్వడానికి దారి లేని పరికరానికి ఎన్‌క్రిప్షన్ ఒక్కటే దిక్కు కాకూడదు.

అపోహ: ఒకసారి పాసైతే ఇక అయిపోయినట్టే.

1998లో అమెరికాలోని డల్లాస్‌లో ఒక టీవీ స్టేషన్ డిజిటల్ ప్రసారాలు పరీక్షించడం మొదలుపెట్టగానే, బేలర్ ఆసుపత్రిలో గుండె టెలిమెట్రీ (పేషెంటు గుండె రీడింగుల్ని రేడియో మీద పంపే వ్యవస్థ) దెబ్బతింది. ఆసుపత్రిలో ఎవరూ ఏమీ మార్చలేదు, మారింది ఊళ్ళోని గాలి. ఆ తర్వాత 2000లో అక్కడి రేడియో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ వైద్య టెలిమెట్రీకి ప్రత్యేక బ్యాండ్లు కేటాయించింది. బ్లూటూత్, వైఫై పరికరాలకి అలాంటి సొంత చోటు ఎక్కడా లేదు. అందుకే యాక్సెస్ పాయింట్లు మార్చినా, రూటరు ఫర్మ్‌వేర్ మారినా, యాప్ నడిచే ఫోన్ ఓఎస్ అప్‌డేట్ అయినా, లింకు తెంపే పరీక్షలు మళ్ళీ చేయాలి.

ఆసుపత్రుల్లో కొనుగోళ్ళు చూసే బయోమెడికల్ ఇంజనీర్లు కంపెనీని మూడు అడగండి: కోఎగ్జిస్టెన్స్ పరీక్ష ఏయే రేడియోలతో, ఎంత దూరంలో చేశారు, లింకు తెగాక ఎన్ని సెకన్లకి తెర ఆ సంగతి చెబుతుంది, మా వార్డులో సాయంత్రం వేళ డెమో ఇస్తారా.