అండం ఉత్త నేల కాదు: పిండం తొలి రోజులపై అపోహలు, వాస్తవాలు

అనంతపురంలో ఎంబ్రియాలజిస్టుగా (ల్యాబ్‌లో పిండాలను పెంచి గమనించే నిపుణురాలు/నిపుణుడు) పనిచేస్తున్న నేను, సంతానం కోసం వచ్చే దంపతుల వెంట ఉండే పెద్దల నోట తరచుగా వినే కొన్ని మాటలను సరిదిద్దడం అవసరమనిపించి ఇది రాస్తున్నాను.

అపోహ: మగవాడిది విత్తనం, ఆడదానిది నేల.

వాస్తవం: పోలికే కావాలంటే అండం మన వేరుశనగ గింజకు దగ్గర. మొలక మొదట్లో గింజలోని పప్పు మీద బతికినట్లే, పిండం తొలి రోజుల్లో అండం దాచి ఉంచిన సరుకు మీద బతుకుతుంది. అండం ఎదిగే కాలంలోనే వేలాది రకాల ఆర్‌ఎన్‌ఏ సందేశాలను (జన్యువుల్లోని సూచనల నకళ్లను) తయారుచేసుకుని, వాటిలో చాలావాటిని వాడకుండా నిల్వ చేసి, ఎదుగుదల పూర్తయ్యేసరికి తన జన్యువులను దాదాపుగా ఆపివేస్తుంది. ఫలదీకరణ తర్వాత మొదటి కణ విభజనలను నడిపేది ఆ నిల్వే. మనిషి పిండంలో సొంత జన్యువులు పెద్దఎత్తున పని మొదలుపెట్టేది నాలుగు నుంచి ఎనిమిది కణాల దశలో, అంటే సుమారు మూడో రోజున. ఈ సంగతి 1988లో వెలువడిన పరిశోధనతో తెలిసింది. చిట్టెలుకలో ఇది రెండు కణాల దశలోనే జరుగుతుంది.

అలాగని తండ్రి పాత్ర చిన్నదేమీ కాదు. కొన్ని జన్యువులపై అండంలో ఒక విధంగా, శుక్రకణంలో మరో విధంగా మిథైల్ గుర్తులు (జన్యువు పనిచేయాలా వద్దా అన్నదాన్ని ప్రభావితం చేసే రసాయన గుర్తులు) పడతాయి కనుక వాటిలో తల్లి ప్రతి గానీ తండ్రి ప్రతి గానీ ఒక్కటే పనిచేస్తుంది. అందుకే 1984లో చిట్టెలుకల్లో ఇద్దరు తల్లుల లేదా ఇద్దరు తండ్రుల జన్యువులతో రూపొందించిన పిండాలు పూర్తిగా ఎదగలేకపోయాయి.

అపోహ: ల్యాబ్‌లో పిండం మూడో రోజున ఆగిపోయిందంటే ఆమె తినకూడనిదేదో తిని ఉంటుంది, లేదా మెట్లెక్కి ఉంటుంది.

వాస్తవం: అప్పటికి పిండం ఆమె ఒంట్లోనే లేదు, మా ఇంక్యుబేటర్‌లో ఉంది. చాలాసార్లు కారణం క్రోమోజోముల సంఖ్యలో తేడా. కొన్నిసార్లు నిల్వ సందేశాల నుంచి పిండం సొంత జన్యువులకు బాధ్యత మారే ఘట్టం సవ్యంగా సాగకపోవడం. దీనికి కోడలిని నిందించడం అన్యాయం, ఆ మాట నేను పెద్దల ముందే చెబుతాను.

అపోహ: మూలకణాల్లో (వివిధ రకాల కణాలుగా మారగల కణాల్లో) మామూలు కణాల్లో లేని ప్రత్యేక జన్యువులు ఉంటాయి, అందుకే అవి ఏ జబ్బునైనా నయం చేస్తాయి.

వాస్తవం: జన్యువులు అవే, ఏవి పనిచేస్తున్నాయన్నదే తేడా. 2006లో జపాన్ శాస్త్రవేత్త షిన్యా యమనాకా బృందం నాలుగు జన్యువులను చొప్పించి చిట్టెలుక చర్మకణాలను మూలకణాల వంటి స్థితికి మళ్లించింది. ఇక చికిత్స సంగతి: రక్తసంబంధ వ్యాధులకు మూలుగ మార్పిడి స్థిరపడిన వైద్యం. ఆటిజానికో మధుమేహానికో మూలకణాలు ఎక్కిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే, అది భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదైన పరిశోధనో కాదో, దాని నమోదు సంఖ్య ఎంతో ముందుగా అడగండి.