నీళ్ల కింద చల్లటి గీత

ఆగస్టు నెలలో మిషిగన్ సరస్సు మీద పైనీళ్లు గోరువెచ్చగా ఉంటాయి. పడవ అంచు మీంచి చెయ్యి ముంచితే హాయిగా ఉంటుంది. ఒడ్డున పిల్లలు ఈతలు కొడుతుంటారు. అదే చోట 25 మీటర్ల లోతుకు దించిన సీసపు గుండును పైకి చుట్టి చేత్తో పట్టుకుంటే వేళ్లు జివ్వుమంటాయి. ఐదు కిలోల గుండు, ఐస్ పెట్టెలోంచి అప్పుడే తీసినట్టుంటుంది. ఈ రెండు నీళ్లకీ నడుమ ఎక్కడో ఒక గీత ఉంది. ట్రౌట్, సాల్మన్ చేపల కోసం చిన్న పడవలో బయల్దేరేవాళ్లు ముందుగా వెతికేది ఆ గీతనే.

సరస్సు అన్న మాట దీనికి చాలదనిపిస్తుంది. మిషిగన్ సరస్సు వైశాల్యం సుమారు 58,000 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో సగానికి కాస్త ఎక్కువ. పొడవు 494 కిలోమీటర్లు, బాగా లోతైన చోట 281 మీటర్లు. షికాగోలో ఉండే తెలుగువాళ్లు సాయంత్రం పూట నడిచే ఒడ్డు దీనిదే. ఎంత చూసినా అవతలి గట్టు కనపడదు. అలాంటి నీళ్ల మీదకి ఐదు మీటర్ల అల్యూమినియం పడవలో ఇద్దరు మనుషులు నాలుగు గాలం కర్రలతో వెళ్తారు. వాళ్లు చేసే పనిని ట్రోలింగ్ అంటారు. పేరు దగ్గరగా ఉన్నా, వల ఈడ్చే ట్రాలర్లకూ దీనికీ సంబంధం లేదు. పడవను మనిషి నడిచే వేగంతో, గంటకు 3 నుంచి 5 కిలోమీటర్ల చొప్పున నడుపుతూ, వెనక గాలాలు లాక్కుంటూ పోవడమే. మన తీరంలో సూర, వంజరం కోసం పడవ వెనక గాలం వదిలే జాలర్లకు ఇది తెలిసిన పనే.

గంటకు 4 కిలోమీటర్ల చొప్పున ఎనిమిది గంటలు తిరిగితే 32 కిలోమీటర్లు. అంత పెద్ద సరస్సులో అది వెంట్రుకవాసి గీత. పైగా లోతు కూడా ఉంది. చేపలు నీళ్లంతటా సమానంగా పరుచుకుని ఉంటే, చెంచా తలంత రేకు ఎర ఏ చేప కంటా పడకుండానే రోజు గడిచిపోతుంది. అవి అలా ఉండవు. ఎందుకుండవో తెలియాలంటే నీళ్ల బరువు దగ్గర మొదలుపెట్టాలి.

లీటరు మంచినీళ్లు 4 డిగ్రీల దగ్గర 1,000 గ్రాములు తూగుతాయి. 20 డిగ్రీల దగ్గర సుమారు 998 గ్రాములు. తేడా రెండు గ్రాముల లోపే. ఇంత మహా జలాశయాన్ని వేసవి పొడుగునా రెండు అంతస్తులుగా విడదీసి నిలబెట్టేది ఆ కాస్త తేడానే. ఎండకు వేడెక్కిన నీళ్లు తేలికై పైన తేలుతాయి, పాల మీద మీగడ కట్టినట్టు. గాలి ఆ పై పొరను మాత్రమే కలియదిప్పగలదు. కింద ఉన్న బరువైన చల్లటి నీళ్లను పైకి తోడాలంటే గాలికి చాలా బలం కావాలి, వేసవి గాలికి మామూలుగా అది చాలదు. అందుకే నడుమ ఒక పలచటి పొర ఏర్పడుతుంది. దాంట్లో కొద్ది మీటర్ల తేడాతోనే వేడి 20 డిగ్రీల నుంచి 8 డిగ్రీలకు పడిపోతుంది. శాస్త్రజ్ఞులు దాన్ని థర్మోక్లైన్ అంటారు. పడవల మీద ఆ మాట పలికే తీరు చూస్తే అదేదో ఊరి పొలిమేర పేరేమో అనిపిస్తుంది.

చేపది చల్లటి నెత్తురు. చుట్టూ ఉన్న నీళ్ల వేడే దాని ఒంటి వేడి. చినూక్ సాల్మన్‌కు 11 నుంచి 13 డిగ్రీల దగ్గర ఒళ్లు చురుగ్గా ఉంటుంది. లేక్ ట్రౌట్ ఇంకా చల్లదనం కోరుతుంది, 8 నుంచి 10 డిగ్రీలు. స్టీల్‌హెడ్ అనే ట్రౌట్ కాస్త వెచ్చదనాన్ని ఓర్చుకుని పైన తిరుగుతుంది. ఊపిరి లెక్క కూడా ఉంది. 10 డిగ్రీల నీళ్లు లీటరుకు 11 మిల్లీగ్రాముల పైన ఆక్సిజన్ పట్టుకోగలవు, 22 డిగ్రీల నీళ్లు తొమ్మిదికి లోపే. వేడి నీళ్లలో చేపకు ఖర్చెక్కువ, రాబడి తక్కువ. అలాంటప్పుడు అది లోతుల్లోకి పోయి హాయిగా కూర్చోవచ్చు కదా? తిండి పైన ఉంది. ఎల్‌వైఫ్ అనే వెండిరంగు చిన్న చేపలు వెచ్చటి నీళ్లను ఇష్టపడతాయి. కాబట్టి వేటాడే చేప గీతకు కిందా, తిండి చేప గీతకు పైనా ఉంటాయి. తెల్లవారుజామున సాల్మన్ ఒక్క ఊపున వెచ్చటి నీళ్లలోకి దూసుకొచ్చి, తిని, మళ్లీ చల్లదనంలోకి జారిపోతుంది. సరస్సు మొత్తంలో ఈ పొలిమేరంత రద్దీ చోటు మరొకటి ఉండదు.

ఈ వేటాడే చేపా, తిండి చేపా రెండూ ఇక్కడివి కావు. ఈ కథ చెప్పకుండా ముందుకు పోలేను. లేక్ ట్రౌట్ ఒక్కటే తరతరాలుగా ఇక్కడిది. ఎల్‌వైఫ్ అట్లాంటిక్ తీరం చేప, మన పులసకు దూరపు చుట్టం. అది కూడా పులసలాగే సముద్రంలో పెరిగి గుడ్లు పెట్టడానికి నదుల్లోకి ఎదురీదే జాతి. నయాగరా జలపాతం దాటడానికి ఓడల కోసం తవ్విన వెల్లండ్ కాలువ, చేపలకూ దారి తెరిచింది. ఆ దారినే లాంప్రే కూడా వచ్చింది. ఒళ్లు పాములా ఉంటుంది, దవడలుండవు. గుండ్రటి నోటినిండా పళ్లు. పెద్ద చేపకు కరుచుకుని నెత్తురు పీల్చి బతుకుతుంది. మిషిగన్ సరస్సులో దాన్ని 1936లో చూశారు. మనుషుల వేట ఒకవైపు, లాంప్రే మరోవైపు. 1950ల నడిమికి సరస్సులో లేక్ ట్రౌట్ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది.

వేటాడి తినే లేక్ ట్రౌట్ పోయాక, 1949లో ఇక్కడ కనిపించిన ఎల్‌వైఫ్‌కు అడ్డు లేకపోయింది. 1967 వేసవిలో అవి కుప్పలు కుప్పలుగా చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. షికాగో తీరంలో యంత్రాలతో ఎత్తిపోయాల్సి వచ్చింది. అప్పటికే మిషిగన్ రాష్ట్ర మత్స్యశాఖ అధిపతి హోవార్డ్ టానర్ ఒక నిర్ణయం తీసుకున్నారు. పసిఫిక్ తీరంలోని ఒరెగాన్ నుంచి కోహో సాల్మన్ గుడ్లు తెప్పించి, పిల్లల్ని పెంచి, 1966 వసంతంలో ప్లాట్ నది, బేర్ క్రీక్ వాగుల్లో వదిలారు. మరుసటి ఏడు చినూక్ పిల్లల్నీ వదిలారు. పుట్టి పెరిగిన వాగు వాసనను గుర్తుపెట్టుకుని, పెద్దయ్యాక అక్కడికే తిరిగి వచ్చే జాతి ఇది. ఉప్పు సముద్రం ఒక్కసారీ చూడకుండానే అవి మంచినీళ్లనే సముద్రమనుకుని పెరిగాయి, వాగులకు తిరిగొచ్చాయి. లాంప్రే పిల్లల్ని చంపే మందు కోసం వేల రసాయనాలను పరీక్షించి, 1958లో ఒకదాన్ని వాగుల్లో వాడటం మొదలుపెట్టకపోతే ఇదేదీ సాగేది కాదు. పరాయి చేపను అదుపు చేయడానికి ఇంకో పరాయి చేపను తేవడం నాకు ఇప్పటికీ కొంచెం భయంగానే ఉంటుంది. ఇక్కడ ఫలించింది కదా అని ఇంకో చోట ధైర్యం చేయమని మాత్రం నేననను.

ఇక పడవలోకి వద్దాం. 25 మీటర్ల లోతున గాలాన్ని నిలపడం చెప్పినంత సులువు కాదు. దారానికి చిన్న బరువు కడితే, పడవ కదలగానే నీళ్ల ఒత్తిడికి అది పైకి తేలిపోతుంది. దానికోసమే డౌన్‌రిగ్గర్ ఉంది. బావి గిలకలాంటి చక్రం, దానికి సన్నటి ఉక్కు తీగ, తీగ కొసన సీసపు గుండు. గాలం దారాన్ని గుండు దగ్గర ఒక క్లిప్పుకు తగిలిస్తారు. చేప కొరికి గుంజగానే దారం క్లిప్పు నుంచి ఊడిపోతుంది. అప్పుడు చేపకూ మనిషికీ మధ్య బరువేమీ ఉండదు.

గుండు కూడా నిటారుగా వేలాడదు. నీళ్లు దాన్నీ తీగనూ వెనక్కి నెడతాయి. ఆ నెట్టుడు వేగానికి వర్గం చొప్పున పెరుగుతుంది. వేగం ఒకటిన్నర రెట్లయితే నెట్టుడు రెండుంపావు రెట్లవుతుంది. 30 మీటర్ల తీగ వదిలినప్పుడు అది 30 డిగ్రీలు వెనక్కి వాలితే గుండు నిజంగా ఉండేది 26 మీటర్ల దగ్గరే. నాలుగు మీటర్ల తేడా అంటే, ఆ గీత దగ్గర, 9 డిగ్రీల నీళ్లకూ 15 డిగ్రీల నీళ్లకూ ఉన్న తేడా కావచ్చు.

ఇంతకన్నా చిక్కైంది వేగం. పడవ మీది జీపీఎస్ గంటకు 4 కిలోమీటర్లు చూపిస్తుంది. అది నేలతో పోల్చిన వేగం. పై పొరా కింది పొరా వేరు వేరు దిక్కులకు జరుగుతుండటం ఈ సరస్సులో మామూలే. గుండు ఉన్న లోతులో నీళ్లు గంటకు ఒక కిలోమీటరు చొప్పున ఎదురొస్తుంటే ఎర 5 కిలోమీటర్ల వేగంతో గిలగిల కొట్టుకుంటుంది. పడవ వెనక్కి తిరిగి అదే దారిన వస్తే 3 కిలోమీటర్లతో నీరసంగా ఊగుతుంది. ఉత్తరానికి పోతుంటే వరసగా చేపలు పడి, దక్షిణానికి తిరగ్గానే ఒక్కటీ పడకపోవడం వెనక ఉన్న కారణం చాలాసార్లు ఇదే. గుండు దగ్గరే వేడినీ వేగాన్నీ కొలిచి పైకి పంపే పరికరాలు ఇందుకే వచ్చాయి. అవి లేనివాళ్లకు ఒక పాత ఉపాయం ఉంది. పడవను మెల్లగా వంపు తిప్పితే బయటి వైపు గాలాలు వేగం పుంజుకుంటాయి, లోపలి వైపువి నెమ్మదించి కిందికి దిగుతాయి. ఏ వైపు గాలానికి చేప తగిలిందో చూస్తే, ఆ పూట చేపకు ఏ వేగం నచ్చిందో తెలుస్తుంది. శాస్త్రం అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇలాంటి పనే. ఒక్క విషయాన్ని మార్చి, వచ్చిన జవాబును వినడం.

గత ముప్పై ఏళ్లలో ఇంకో సంగతి మారింది. ఓడల అడుగున నింపుకొచ్చిన నీళ్లతో నల్లసముద్రం వైపు నుంచి వచ్చిన క్వాగా ఆల్చిప్పలు సరస్సు అడుగంతా పరుచుకున్నాయి. అవి నీళ్లను వడకట్టి కంటికి కనపడని పచ్చటి జీవుల్ని తినేస్తాయి. నీళ్లు తేటపడ్డాయి. చూడ్డానికి ఎంతో అందంగా ఉంటాయి గానీ, ఆ తేటదనం ఆకలికి గుర్తు. పచ్చటి జీవులు తగ్గితే వాటిని తినే సూక్ష్మజీవులూ, వాటిని తినే ఎల్‌వైఫ్ కూడా తగ్గుతాయి. పక్కనున్న హ్యురాన్ సరస్సులో 2004 ప్రాంతానికి ఎల్‌వైఫ్ కుప్పకూలి, వెంటనే చినూక్ కూడా పోయింది. ఆ భయంతోనే మిషిగన్ సరస్సులో 2013 నుంచి వదిలే చినూక్ పిల్లల్ని సుమారు సగానికి తగ్గించారు. చేపల్ని కాపాడటానికి చేపల్ని తగ్గించడం వినడానికి వింతగా ఉన్నా సరైన పనే. 2021లో లడింగ్టన్ దగ్గర 21.7 కిలోల చినూక్ పడి రాష్ట్ర రికార్డు అయింది. తిండి దొరకని నీళ్లలో చేప అంత పెరగదు.

ఇక గాలి సంగతి. భూమి తిరుగుతుండటం వల్ల, ఉత్తరార్ధగోళంలో గాలి తోసిన పైనీళ్లు గాలి దిక్కుకు కుడివైపుకు జరుగుతాయి. మిషిగన్ రాష్ట్రపు ఒడ్డు సరస్సుకు తూర్పున ఉంది. రెండు రోజులు ఉత్తరపు గాలి గట్టిగా వీస్తే అక్కడి వెచ్చటి నీళ్లు ఒడ్డు విడిచి పడమటికి పోతాయి. ఆ ఖాళీలోకి కిందినుంచి చల్లటి నీళ్లు పొంగుతాయి. విశాఖ తీరంలో జరిగేదీ ఇదే. ఎండాకాలపు నైరుతి గాలి తీరం వెంబడి వీస్తే పైనీళ్లు సముద్రంలోకి జరిగి, చల్లటి నీళ్లు పైకొస్తాయి. 1950ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పనిచేసిన యూజీన్ లాఫాండ్ దాన్ని అక్కడ పరిశీలించారు.

చేపను ఒడ్డు దగ్గరికి తెచ్చే ఆ గాలే చిన్న పడవకు ప్రాణాంతకం. ఈ సరస్సు అలలు సముద్రపు అలల్లా పొడవుగా సాగవు. దగ్గరదగ్గరగా, నిటారుగా లేస్తాయి. కోహో తొలిసారి తిరిగొచ్చిన 1967 శరత్కాలంలో, సెప్టెంబరు 23న ప్లాట్ బే దగ్గర చేపల మోజులో హెచ్చరికల్ని దాటి వెళ్లిన చిన్న పడవల్ని తుఫాను ముంచేసింది. ఏడుగురు చనిపోయారు. నీళ్లు చల్లగా పొంగిన రోజున ఆగస్టు అయినా సరే, పడ్డవాడికి మొదటి నిమిషంలో ఊపిరి తనకు తెలియకుండానే ఎగిసిపడుతుంది. ఆ క్షణంలో నోరు నీళ్లలో ఉంటే ఈతా పనికిరాదు. లైఫ్ జాకెట్ పడవలో ఉంటే సరిపోదు, ఒంటి మీద ఉండాలి.

అందుకే తెలిసినవాళ్లు ఉత్తరపు గాలి వీచే రెండు రోజులూ గట్టునే కూర్చుంటారు, సరస్సు మధ్య లంగరేసి తేలే కొలత పరికరాలు, అంటే బోయాలు, పంపే అలల ఎత్తును చూసుకుంటూ. మూడో రోజు తెల్లవారుజామున గాలి పడిపోతుంది. పడవ రేవు దాటి ఇంకా దీపస్తంభం కనిపిస్తుండగానే గుండు దించుతారు. నిన్నమొన్నటి దాకా 25 మీటర్ల కిందున్న 11 డిగ్రీల నీళ్లు ఇవాళ ఎనిమిది మీటర్లకే తగులుతాయి.