బోరు తప్పించుకున్న పగులు

గిద్దలూరు నుంచి ఒక రైతు అడిగారు: "మా చేలో ఆరొందల అడుగులు బోరు వేస్తే దుమ్మే లేచింది. ఇరవై అడుగుల అవతల, పక్క చేలో రెండించుల నీళ్ళు పడ్డాయి. చమురు తవ్వేవాళ్ళకీ ఇలాగే అవుతుందా?"

అవుతుంది. 1974లో కనుగొన్న బాంబే హై చమురు ముంబై తీరానికి అవతల, సముద్రం కింద సున్నపురాతిలో ఉంది. చెరువులా నిలిచి ఉండదు, రాతి సందుల్లో, పగుళ్ళలో ఉంటుంది. బావి ఆ పగుళ్ళకి తగలాలి.

ఇక్కడే నాకు అన్నిటికన్నా ఇష్టమైన లెక్క ఉంది. రాతిలో నిట్టనిలువు పగుళ్ళు రెండు మీటర్లకొకటి చొప్పున వరసగా ఉన్నాయనుకోండి. ఆరున్నర ఇంచుల బోరు అంటే పదహారున్నర సెంటీమీటర్లు, రెండు మీటర్లలో పన్నెండో వంతు. అంటే పన్నెండు బోర్లు వేస్తే సుమారుగా ఒక్కటే పగులుకి తగులుతుంది. మిగతా పదకొండూ వెయ్యి అడుగులు దింపినా పగులు పక్కనే దిగిపోతాయి. లోతు పెంచి లాభం లేదు. అదే బోరుని నిలువు నుంచి పగుళ్ళకి అడ్డంగా ముప్పై డిగ్రీలు వాల్చితే వంద మీటర్లలో పాతిక పగుళ్ళని దాటుతుంది: సైన్ 30 అంటే అర, కాబట్టి వంద మీటర్ల బోరు పక్కకి యాభై మీటర్లు పోతుంది. అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడ్డ చోట బోరు వేయించి, నీళ్ళు పడకపోతే మన ఖర్మ అనుకుంటాం. ఖర్మ కాదు, కోణం. పదో తరగతిలో సైన్ విలువని జెండా కర్ర ఎత్తుతో చెప్పి వదిలేస్తున్నాం. మన పిల్లలకి బోరుతో చెప్పాలి.

1965లో భూగర్భ శాస్త్రవేత్త రూత్ టెర్జాఘి దీనికి దిద్దుబాటు చెప్పారు: లెక్కకొచ్చిన పగుళ్ళ సంఖ్యని, అవి కొలత గీతతో (ఇక్కడ బోరుతో) చేసే కోణం సైన్‌తో భాగించాలి. కోణం సున్నాకి దగ్గరైతే ఆ భాగహారం కూడా ఆదుకోదు. అప్పుడు వేరే దిక్కు నుంచి కొలవాల్సిందే.

అందుకే భూగర్భ శాస్త్రవేత్తలు పైకి తేలిన సున్నపురాతి బండల్ని చదివి, లోతులో ఉన్న చమురు రాయిని ఊహిస్తారు. భూకంప తరంగాల చిత్రంలో పదుల మీటర్ల కన్నా చిన్నవి తెలియవు. బావిలోంచి తీసిన రాతి కడ్డీ జానెడు వెడల్పు కూడా ఉండదు. ఈ రెంటి నడుమ ఉన్నదంతా బండ మీదే చూడాలి. నల్లమల దాటితే బేతంచెర్ల నాపరాయి క్వారీలున్నాయి. కానీ క్వారీ గోడా ఒక పెద్ద బోరు లాంటిదే. గోడకి సమాంతరంగా పోయే పగులు ఆ గోడ మీద కనిపించదు. డ్రోన్‌తో ఒక్క గోడనే ఎంత అందంగా ఫొటో తీసినా అదే పొరపాటు. మూలలో కలిసే రెండు గోడలూ, కింద నేలా కొలవాలి.

ఇంకో చిక్కు వెడల్పు. పగులులో ప్రవాహం వెడల్పు ఘనాన్ని బట్టి ఉంటుంది: ఒక మిల్లీమీటరు పగులు, పదో వంతు మిల్లీమీటరు పగుళ్ళు వెయ్యింటికి సమానం. పైన వాన నీరు కార్బన్ డయాక్సైడ్‌ని కలుపుకుని సున్నపురాతిని కరిగించి పగుళ్ళని వెడల్పు చేస్తుంది. క్వారీ పేలుళ్ళు కొత్తవి పుట్టిస్తాయి. వీటిని లోతులోని రాయికి అంటగడితే లెక్క వేల రెట్లు తప్పుతుంది. గవ్వల జీవులు పుట్టకముందటి మన నాపరాయిని చూసి బాంబే హై రాతి సూక్ష్మ రంధ్రాల గురించి చెప్పడమూ సరికాదు. పగుళ్ళ అమరిక గురించి అడగొచ్చు.

ఏ పగులు లోతులోదో ఎలా తెలుస్తుంది? మీ ఇంటి నాపరాయి మెట్టు అంచు తడిపి చూడండి. తెల్లటి గీత కనిపిస్తే అది పగుల్లో నిండిన కాల్సైట్ అనే సున్నపు ఖనిజం. దాన్ని రంపపు పళ్ళ లాంటి నల్లటి సన్నగీత అడ్డంగా కోసుకుపోతే, పైనున్న రాతి బరువుకి ఆ చోట సున్నం కరిగిపోయిందన్నమాట. అలా కరగకముందే తెల్ల గీత అక్కడ ఉంది. అంటే అది క్వారీ పేలుడుకి పుట్టిన కొత్త పగులు కాదు.