రాయిలా మారిన బ్రేకు రబ్బరు

పిల్లలూ,

మూలన పడున్న పాత సైకిల్ బయటికి తీసి గాలి కొట్టారట, చైనుకు నూనె వేశారట. సంతోషం. కానీ ‘బ్రేకు పట్టట్లేదు తాతయ్యా, కీచుమని అరుస్తోంది, కేబుల్ బిగించినా అంతే’ అన్నారు చూడండి, అక్కడే నాకు టెన్షన్ పట్టుకుంది. ఈ పని అయ్యేదాకా ఆ సైకిల్ ఎక్కకండి.

రబ్బర్లు మందంగానే ఉన్నాయి, గాట్లు కూడా అరగలేదు అంటున్నారు. నేనూ అలాగే మోసపోయాను. ఓసారి పల్లంలో రెండు బ్రేకులూ గట్టిగా నొక్కితే సైకిల్ జారుకుంటూ పోయిందే తప్ప ఆగలేదు. కాళ్లు నేలకు రాసి, చెప్పులు అరగదీసుకుని, చివరికి ఓ పొదలో తేలాను. తర్వాత రబ్బరు ఊడదీసి గోరు గుచ్చి చూశాను. చొక్కా గుండీ మీద నొక్కినట్టే ఉంది, గాటు పడలేదు. రిమ్ముకు తగిలే వైపు గాజులా మెరుస్తోంది.

మీ పెన్సిల్ బాక్సు అడుగున ఎప్పటిదో రబ్బరు ఒకటి ఉంటుంది. దాంతో రుద్దితే అక్షరం చెరగదు, నల్లగా అలుక్కుంటుంది. ఇదీ అదే జబ్బు. పచ్చి రబ్బరు వేడికి జిగురులా, చలికి పెళుసుగా తయారవుతుంది. దానికి గంధకం కలిపి వేడి చేస్తే నిలకడగా ఉంటుందని చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనిపెట్టాడు. రబ్బరులోని పొడవాటి అణువుల గొలుసులను గంధకం అక్కడక్కడా ముడివేస్తుంది. తగినన్ని ముడులుంటే రబ్బరు సాగుతుంది, మళ్లీ ముడుచుకుంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని ఆక్సిజన్, ఎండ, వేడి కలిసి ఇంకా ఇంకా ముడులు వేస్తాయి. మెత్తటి రబ్బరు రిమ్ము గరుకులోకి ఒత్తుకుని పట్టు దొరకబుచ్చుకుంటుంది. ముడులు ఎక్కువై బిగుసుకుపోయిన రబ్బరు పైపైన జారిపోతుంది.

అలాగని వెంటనే పారేయక్కర్లేదు. ఒక్కోసారి పై పొర మాత్రమే గట్టిపడుతుంది. 80 లేదా 100 నంబరు గరుకు కాగితం చదునైన చోట పరిచి, రబ్బరును దాని మీద రుద్దండి. కాగితాన్ని చేత్తో పట్టుకుని రబ్బరు మీద రుద్దితే అంచులు గుండ్రంగా అరిగిపోతాయి. మెరుపు పోయి మసక నలుపు తేలాలి. మధ్యలో తళుక్కుమనే చుక్కలు కనిపిస్తే అవి అల్యూమినియం రిమ్ము నుంచి ఊడిన లోహపు ముక్కలు. సూదితో పీకేయండి, లేకపోతే రిమ్మును గీరుతూనే ఉంటాయి. ఒక మిల్లీమీటరు దాకా తీశాక కూడా గోరు దిగకపోతే ఇక ఆపేయండి. వేడినీళ్లలో ఉడకబెట్టమనీ, పెట్రోలులో నానబెట్టమనీ సలహాలిచ్చేవాళ్లు ఉంటారు. పెట్రోలుకు రబ్బరు ఉబ్బి బలహీనపడుతుందంతే, పడిన ముడులు విడిపోవు.

అన్నట్టు, చైనుకు వేసిన నూనె రిమ్ము మీద చిందలేదు కదా? స్పిరిట్‌తో తడిపిన గుడ్డతో రిమ్ము తుడవండి. నూనె పీల్చుకున్న రబ్బరు పారేయడమే మేలు.

కొత్తవి కొనేటప్పుడు పాతదాన్ని నమూనాగా తీసుకెళ్లండి. కేబుల్‌కు బదులు ఇనుప కడ్డీలతో పనిచేసే పాతకాలపు బ్రేకైతే రబ్బరు రిమ్ము పక్కన కాదు, లోపలి వైపు నొక్కుతుంది. దానివి వేరే రకం. చక్రానికి రెండు వైపులా ఒకేసారి మార్చండి. రబ్బరు మీద బాణం గుర్తుంటే అది చక్రం ముందుకు తిరిగే దిక్కు చూపాలి. కొన్ని షూలలో, అంటే రబ్బరును పట్టి ఉంచే తొడుగుల్లో, రబ్బరు ఒక చివర నుంచి దూరి కూర్చుంటుంది. ఆ తెరిచిన చివర వెనక్కే ఉండాలి. ముందుకు పెడితే బ్రేకు వేయగానే రిమ్ము రబ్బరును బయటికి లాగేస్తుంది, ఇది మాత్రం ఎంత మాత్రం మర్చిపోవద్దు.

రబ్బరు టైరుకు తగలకూడదు, రిమ్ము కిందికి జారకూడదు. వెనక చివర కింద పలుచటి అట్టముక్క పెట్టి, బ్రేకు నొక్కి పట్టుకుని నట్టు బిగించండి. అట్ట తీసేస్తే ముందు చివర కాస్త ముందుగా తగులుతుంది, కీచు తగ్గుతుంది.

ఎక్కే ముందు పక్కన నిలబడి ముందు బ్రేకు గట్టిగా నొక్కి సైకిల్‌ని ముందుకు తోయండి. వెనక చక్రం నేల మీంచి లేవాలి. లేవకపోతే ఎక్కకండి, నాకు ఫోన్ చేయండి.

మీ తాతయ్య