దవడ చూసి ఒళ్లు అంచనా వేయొచ్చా?

బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్‌ని చాలామంది చూసే ఉంటారు. గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర దొరికిన డైనోసార్ అది. ఒంటి ఎముకలు బోలెడు దొరికాయి కానీ తల దొరకలేదు, రెండంటే రెండు పళ్లు తప్ప. ఫోన్లలో తెగ తిరిగే జైగాంటోపిథెకస్ అనే, ఎప్పుడో అంతరించిన పెద్ద వాలిడి కోతి కథ దీనికి సరిగ్గా తలకిందులు. పది అడుగుల ఎత్తు, మూడొందల కిలోలు అంటూ ఓ భయంకరమైన బొమ్మ పెడతారు చూడండి, అదే. దాని పళ్లు 2,000 దాకా దొరికాయి, దవడలు 4. మెడ కింద ఎముక ఒక్కటీ లేదు. మరి ఆ ఎత్తూ బరువూ ఎక్కణ్నుంచి వచ్చాయంటే, దవడ ఇంత ఉంటే ఒళ్లు అంత ఉండాలి కదా అన్న లెక్క నుంచి. ఆ లెక్క మీద యాభై ఏళ్లుగా వాదన నడుస్తోంది, అది తెలియకుండా ఆ బొమ్మల్ని నమ్మకూడదని నా అభిప్రాయం.

మొదలు ఆకలి దగ్గర ఉంది. 1932లో మాక్స్ క్లైబర్ అనే శాస్త్రవేత్త జంతువుల బరువునీ, అవి ఖర్చుపెట్టే శక్తినీ పక్కపక్కన పెట్టి చూస్తే, బరువు పెరిగినంత వేగంగా ఆకలి పెరగడం లేదని తేలింది. మన అడవుల్లో రాత్రుళ్లు తిరిగే దేవాంగ పిల్లి పావు కిలో అనుకోండి, మన ఊళ్లో ఆడకోతి ఓ నాలుగు కిలోలు. బరువు 16 రెట్లు, కావలసిన శక్తి మాత్రం సుమారు 8 రెట్లే. అంటే కిలో లెక్కన చూస్తే చిన్నదానికే ఆకలి ఎక్కువ, అందుకే దానికి పురుగుల్లాంటి బలమైన తిండి కావాలి. పెద్ద జంతువు రోజంతా వెతికినా దాని ఒంటికి సరిపడా పురుగులు దొరకవు, కానీ ఆకులు కావలసినన్ని ఉంటాయి, వాటిని కడుపులో చాలాసేపు నానబెట్టి అరిగించుకునే చోటూ దానికి ఉంటుంది. రిచర్డ్ కే అనే పరిశోధకుడు ఈ సంగతిని కోతి జాతుల పళ్లలో చూపించాడు: మాంసకృత్తులు పురుగుల నుంచి తెచ్చుకునేవి దాదాపు అన్నీ అర కిలో లోపే, ఆకుల నుంచి తెచ్చుకునేవి అంతకు పైన.

ఇక్కడిదాకా సైజుదే రాజ్యం. కానీ మన శివార్లలోనే ఒక పొద్దున కూర్చుని చూడండి. ప్రహరీ మీద కోతి గుడి దగ్గర దొరికిన కొబ్బరి ముక్కల్ని నమలకుండా గబగబా బుగ్గల సంచుల్లోకి తోసేసి, పక్క మేడ మీదకి వెళ్లాక, వేళ్లతో బుగ్గని బయటి నుంచి నొక్కుతూ ఒక్కో ముక్కా తీసి తింటుంది. కొండముచ్చుకి ఆ సంచులు లేవు. అది రావి కొమ్మ మీద కూర్చుని చిగుళ్లు తెంపుకుని నములుతూనే ఉంటుంది, నములుతూనే ఉంటుంది. దాని దవడ పళ్ల మీద అంచులు కత్తెరలా పదునుగా ఉంటాయి, కింది దవడ ఎముక పైనుంచి కిందికి బాగా లోతుగా ఉంటుంది. కొండముచ్చు కోతి కంటే బరువే, నిజం, కానీ కోతిని అదే కొలతలో పెంచుకుంటూ పోతే కొండముచ్చు దవడ రాదు.

ఆ లోతు ఎందుకో కొలిచి చూపించింది విలియం హైలాండర్ అనే పరిశోధకుడు. కోతుల దవడ ఎముకకే చిన్న కొలమానాలు అతికించి, నమిలేటప్పుడు ఎముక ఎటు వంగుతోందో ఎంత మెలితిరుగుతోందో నమోదు చేసి, 1979లో ప్రచురించాడు. ఒక పక్క నములుతుంటే రెండో పక్క దవడ కూడా వంగుతుంది. రోజంతా వేల సార్లు అలా వంగే ఎముకకి లోతే రక్ష.

ఇప్పుడు అసలు గొడవ. 1959లో టాంజానియాలోని ఓల్డువాయ్‌లో పరిశోధకురాలు మేరీ లీకీకి మనిషికి దూరపు చుట్టమైన, ఇప్పుడు బోయిసీ అని పిలిచే ఒక పాత జీవి పుర్రె దొరికింది. దవడ పళ్లు సైజులో మన వాటికి నాలుగింతలు, నడినెత్తిన నమిలే కండరాలు పట్టుకోవడానికి ఎముక గట్టు. గింజలు పగలగొట్టే మనిషి అని పేరు పడిపోయింది. 1974లో డేవిడ్ పిల్‌బీమ్, స్టీఫెన్ జే గౌల్డ్ అనే శాస్త్రవేత్తలు కలిసి, ఇదీ దీని చుట్టాలూ అన్నీ ఒకే రకం జీవి వేర్వేరు సైజుల్లో అన్నారు. పెద్ద ఒంటికి ఎక్కువ తిండి, ఎక్కువ తిండికి ఎక్కువ నమిలే చోటు, కాబట్టి పెద్ద పళ్లు. చదువుతుంటే నాకూ సరేననిపించింది. కానీ కాళ్ల ఎముకల నుంచి బరువు లెక్కగట్టిన హెన్రీ మెక్‌హెన్రీ 1990ల మొదట్లో, ఆ బోయిసీ మగవాడు సుమారు 49 కిలోలు, దాని చుట్టమే అయినా పళ్లు చిన్నవైన ఆఫ్రికానస్ మగవాడు 41 కిలోలు అని తేల్చాడు. ఎనిమిది కిలోల తేడాకి అంత దవడా?

పోనీ గింజలైనా నిజమా అంటే అదీ నిలబడలేదు. 2008లో పీటర్ ఉంగర్ బృందం ఆ పళ్ల మీది గీతల్ని సూక్ష్మంగా చూస్తే, గట్టివి కొరికితే పడే గుంటలు కనిపించలేదు. 2011లో పళ్లలోని కార్బన్‌ని పరీక్షిస్తే తిండిలో నాలుగింట మూడొంతులకు పైగా గడ్డి, తుంగ జాతి మొక్కల నుంచే వచ్చిందని తేలింది. అంటే మనం రోకలి అనుకున్నది తిరగలి. సారం తక్కువ తిండిని గంటల తరబడి నూరడానికి పెరిగిన దవడ.

తిరిగి జైగాంటోపిథెకస్ దగ్గరికి వద్దాం. 1935లో కోనిగ్స్‌వాల్డ్ అనే శిలాజాల శాస్త్రవేత్తకి దాని పన్ను మొదటిసారి కనబడింది హాంకాంగ్ మందుల షాపులో, డ్రాగన్ ఎముకల పేరుతో అమ్ముతుండగా. 2019లో పంటి పింగాణీలోని ప్రొటీన్ల వల్ల అది ఒరాంగుటాన్‌కి దూరపు చుట్టమని తెలిసింది. పెద్ద జంతువన్న దాంట్లో నాకు అనుమానం లేదు. ఎంత పెద్దదో చెప్పాలంటే మాత్రం తొడ ఎముక ముక్క ఒక్కటైనా దొరకాలి. అప్పటిదాకా ఆ పది అడుగుల బొమ్మలో మెడ నుంచి కిందికి ఉన్నదంతా గీసినవాళ్లు దవడను చూసి ఊహించిందే.