నోట్సు ఎర్రబడితే దిద్దినట్టు కాదు

మొన్న తల్లిదండ్రుల సమావేశంలో మళ్లీ అదే ప్రశ్న. ఎనిమిదో తరగతి పిల్లాడి వాళ్లమ్మ తెలుగు నోట్సు తెచ్చి నా ముందు పెట్టింది. "సార్, గిన్ని తప్పులున్నయి, మీరు రెండే గీతలు గీసిండ్రు. సదవలేదా?" ఆమె టెన్షన్ నాకు అర్థమైంది. పిల్లాడు వెనకబడుతున్నాడని భయం. కానీ ఇన్నేళ్లుగా జిల్లా పరిషత్ బడుల్లో తెలుగు చెబుతూ నేను చూసినవాటిలో పిల్లలకు ఎక్కువ నష్టం చేసే అపోహ ఇదే.

అపోహ: ప్రతి తప్పూ దిద్దితేనే దిద్దినట్టు.

కొత్తలో నేనూ అంతే. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి వాళ్ల తాత గురించి రాసింది: "తాత పిలిస్తె మేకలు మాట ఇన్నట్టు తల ఊపుతయి." నేను 'పిలిస్తే', 'విన్నట్టు', 'ఊపుతాయి' అని ఎర్రగా దిద్దాను. పేజీ అంతా అలాగే. మేకల గురించి ఒక్క ముక్క రాయలేదు. తర్వాతిసారి ఆ పిల్ల ఇలా రాసింది: "మా ఊరు అందమైన ఊరు. మా ఊరిలో బడి ఉంది. గుడి ఉంది. చెరువు ఉంది." ఒక్క తప్పూ లేదు. మేకా లేదు. అప్పుడు సంబరపడి టిక్కు కొట్టాను, అదీ నా తెలివి.

పేజీలో ముప్పై గీతలుంటే పిల్లలు ముప్పై విషయాలు నేర్చుకోరు. తమకు ఒత్తులతో సహా వచ్చిన మాటలే వాడి గండం గడుపుకుంటారు, లేదంటే గైడులోది ఎక్కిస్తారు.

ఇప్పుడు మొదటిసారి పెన్ను పట్టుకోకుండా చదువుతాను. రాసిన సంగతి మీద మార్జిన్‌లో ఒక ప్రశ్న అడుగుతాను. మళ్లీ మళ్లీ వచ్చే తప్పు ఒకే రకం ఎంచుకుంటాను. 'బయం', 'దైర్యం' కింద గీత గీసి, "ఇలాంటివి ఇంకో నాలుగున్నాయి, నువ్వే పట్టుకో" అని రాస్తాను. మిగతావి మరో వారం. తిరగరాయడానికి క్లాసులోనే పావుగంట ఇస్తాను. ఇంటికి పంపితే ఆ పని జరగదు. ఇలా చదివి దిద్దడానికి నలభై మందికి తలా ఐదు నిమిషాలంటే నాకు 200 నిమిషాలు. తనిఖీకి వచ్చినవాళ్లు టిక్కులు, తేదీలు, సంతకాలు లెక్కపెడతారు కాబట్టి అవీ పెట్టాలి, ఏం చేస్తాం.

అపోహ: మార్కు వేసి పక్కన నాలుగు మాటలు రాస్తే చాలు.

మార్కు కనబడ్డాక ఆ నాలుగు మాటలు ఎవరూ చదవరు. "నీకెన్ని?" అని పక్కబెంచీకి తిరుగుతారు. 1988లో రూత్ బట్లర్ ఇజ్రాయెల్ బడిపిల్లలతో చేసిన పరిశోధనలో తేలిందీ ఇదే. వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్లు ఆసక్తిలోనూ పనిలోనూ మెరుగయ్యారు, పక్కన మార్కు కూడా వేస్తే ఆ లాభం పోయింది. ఎఫ్.ఏ. (ఏడాది మధ్యలో జరిగే అంచనా) కింద వచ్చే స్వీయరచనలకు మార్కులు తప్పవు. అందుకే వ్యాఖ్య ముందు, తిరగరాశాకే మార్కు.

ఎర్ర సిరాతో పిల్లల మెదడు దెబ్బతింటుందని వాట్సాప్‌లో ఒకటి తిరుగుతోంది. దయచేసి నాకు పంపకండి. ఏం రాశామన్నది ముఖ్యం. ఆకుపచ్చ వాడదామంటే అది మా హెడ్మాస్టరు గారు సంతకం పెట్టే రంగు.

'ఇన్నట్టు' తప్పు కాదు, ఇంటి మాట. తాత మాట్లాడితే అలాగే ఉండాలి. పరీక్షలో లేఖకు వేరే భాష కావాలని విడిగా చెబుతాను. ఇక వట్టి "గుడ్" వల్ల ఉపయోగం లేదు. ఏ వాక్యం బాగుందో పిల్లలకు తెలియాలి.

ఆ అమ్మకు ఇదంతా చెప్పలేదు, ఓపిక లేదు. పేజీ తిప్పి చూపించాను. మిగిలిన నాలుగు ఒత్తులూ పిల్లాడే పెట్టుకున్నాడు. "వాన వెలిశాక చెరువు దగ్గర ఏం చేశారు?" అన్న నా ప్రశ్న కింద ఆరు వరుసల జవాబు ఉంది. నాన్న లుంగీతో చేపలు పట్టిన వైనం. ఆమె నిలబడే చదివింది.

"లుంగీ ఎట్ల సినిగిందంటే ఇద్దరూ తెల్వదన్నరు సార్!"